కొబ్బరి పద్దు, ఫిరంగుల పద్దు: ఆయుధ నియంత్రణలో ఒక ఏడాది ఫెలోషిప్‌పై సమీక్ష

2023 సెప్టెంబరు నుంచి 2024 ఆగస్టు వరకు యూరప్‌లోని ఒక పరిశోధన సంస్థ నడిపే జూనియర్ ఫెలోషిప్‌లో పనిచేశాను. సంప్రదాయ ఆయుధాల నియంత్రణ, నిరాయుధీకరణ రంగంలో కొత్తగా అడుగుపెట్టేవారి కోసం పెట్టిన ఏడాది కొలువు అది. ఇంటి నుంచే పని, నెలకు 48,000 రూపాయలకు కాస్త అటూ ఇటూగా భృతి, వారానికొకసారి మార్గదర్శిగా ఉండే ఒక సీనియర్ పరిశోధకురాలితో వీడియో సమావేశం, ఒక అంతర్జాతీయ సదస్సుకు ప్రయాణం, చివర్లో నా పేరుతో ఒక పరిశోధన పత్రం అని ప్రకటనలో రాశారు. ఆ పన్నెండు నెలలూ అమలాపురానికి దగ్గరలోని మా తాతయ్యగారి ఊళ్లో, కొబ్బరితోట వైపు కిటికీ ఉన్న మేడగదిలో కూర్చుని పనిచేశాను. సంస్థ పేరు ఇక్కడ రాయను. కింద చెప్పే ఇబ్బందుల్లో చాలా భాగం ఇలాంటి ఫెలోషిప్‌లన్నిటికీ ఉన్నవేనని తోటి ఫెలోలతో మాట్లాడాక అర్థమైంది. ఈ రంగంలోకి ఎలా రావాలని గోదావరి జిల్లాల నుంచి అడుగుతున్నవారికి విడివిడిగా జవాబులు రాయలేక అంతా ఒకచోట పెడుతున్నాను. మార్కులు ముందే చెబుతాను: నేర్పిన పనికి ఐదింట నాలుగున్నర, చేసిన ఏర్పాట్లకు ఐదింట రెండు.

ముందుగా పేరు సంగతి. ‘సంప్రదాయ ఆయుధాలు’ అని మన పత్రికలు రాసే మాట తెలుగులో వేరే అర్థం స్ఫురింపజేస్తుంది. అణు, రసాయన, జీవాయుధాలు పోగా మిగిలినవన్నీ, అంటే యుద్ధట్యాంకు, శతఘ్ని, యుద్ధవిమానం, యుద్ధనౌక, క్షిపణి మొదలుకొని పిస్తోలు, దాని తూటా, మందుపాతర దాకా ఈ మాట కిందికే వస్తాయి. నేను చేరిన రెండో నెలలో దసరా రావడంతో మా అమ్మ మాత్రం, అమలాపురం వీధుల్లో చెడీ తాలింఖానాలో తిప్పే కత్తులూ కర్రల మీద నేను పుస్తకం రాస్తున్నానని బంధువులందరికీ చెప్పేసింది. నేను ఖండించలేదు, ఎందుకంటే అసలు పని వివరించబోతే ఆమెకు అంతకంటే కంగారు పుట్టేది. ఇంకో తేడా కూడా మొదటి వారంలోనే చెప్పారు: ఉన్న ఆయుధాలకు హద్దులు, నియమాలు, లెక్కలు పెట్టడం నియంత్రణ, ఒక రకం ఆయుధాన్ని పూర్తిగా వదిలిపెట్టి నిల్వలు నాశనం చేయడం నిరాయుధీకరణ. ఫెలోషిప్ పేరులో రెండూ ఉన్నా, చేయించే పనిలో ముప్పాతిక మొదటిదే.

ఎంపిక పరీక్ష గురించి కొంచెం విస్తరించి చెబుతాను, ఎందుకంటే ఈ కొలువు స్వభావమంతా అందులోనే బయటపడింది. మూడు గంటల వ్యవధి ఇచ్చి, రెండు కల్పిత దేశాల వార్షిక నివేదికలు పంపారు. ఒక దేశం తాను రెండో దేశానికి ఇన్ని శతఘ్నులు పంపానని రాసింది. రెండో దేశం అంతకంటే తక్కువ అందుకున్నానని రాసింది. ఈ తేడాకు గల కారణాలను ఆరువందల మాటల్లో రాయమన్నారు. ప్రశ్న చూడగానే నాకు తాతయ్య కొబ్బరి పద్దు గుర్తొచ్చింది. మా తోటలో దింపు అయిన రోజు తాతయ్య రాసుకునే అంకె, అంబాజీపేట నుంచి వచ్చే వర్తకుడి పుస్తకంలోని అంకె ఏనాడూ ఒకటి కావు. అయినా వాళ్లిద్దరూ ముప్పై ఏళ్లుగా తగువు లేకుండా వ్యాపారం చేస్తున్నారు. తాతయ్య చెట్టు దిగిన కాయను లెక్కిస్తారు, వర్తకుడు లారీకెక్కిన కాయను లెక్కిస్తాడు. మధ్యలో మొలకెత్తిన కాయ, కుళ్లు కాయ, వందకింత అని ఇచ్చే కొసరు ఉంటాయి. నెలాఖరున దించిన రాశి మరుసటి నెలలో బండెక్కితే ఒకరి పుస్తకంలో ఒక నెల, ఇంకొకరి పుస్తకంలో ఇంకో నెల పడుతుంది. కాయను శతఘ్నిగా మార్చి ఈ సంగతులే వరసగా రాశాను. దరఖాస్తుదారుల్లో ఎక్కువమంది ‘రెండో దేశం దాస్తోంది’ అని తేల్చేశారని, అలా తేల్చినవారిని పక్కన పెట్టామని మార్గదర్శి తరవాత ఒకసారి మాటల్లో అన్నారు.

ఏడాదిలో సుమారు ఎనిమిది నెలలు నేను చేసింది అదే పని, ఈసారి నిజమైన దేశాలతో. ఇరాక్ ఆయుధాలు పోగేసుకుంటుంటే ఎవరి లెక్కలో వారున్న దేశాలకు మొత్తం చిత్రం గల్ఫ్ యుద్ధం దాకా కనబడలేదు. ఆ అనుభవం తరవాత 1991 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి సర్వప్రతినిధి సభ సంప్రదాయ ఆయుధాల రిజిస్టరు ఒకటి పెట్టింది. ట్యాంకులు, సాయుధ పోరాట వాహనాలు, పెద్ద శతఘ్నులు, యుద్ధవిమానాలు, దాడి హెలికాప్టర్లు, యుద్ధనౌకలు, క్షిపణులు–వాటి ప్రయోగ సాధనాలు అని ఏడు పద్దులు. ప్రతి దేశమూ కిందటి ఏడాది ఎగుమతులు, దిగుమతులను మే 31 లోపు స్వచ్ఛందంగా తెలపాలి. అమ్మినవారూ కొన్నవారూ ఇద్దరూ రాస్తారు కాబట్టి ఒకరి అంకెతో ఇంకొకరి అంకెను సరిచూడవచ్చు. చెప్పడానికి ఇంతే. చేయడానికి దిగితే నిర్వచనాల దగ్గరే వారాలు గడుస్తాయి. ట్యాంకు అనిపించుకోవాలంటే ఖాళీ బరువు కనీసం పదహారున్నర టన్నులు, ప్రధాన ఫిరంగి గొట్టం లోపలి వ్యాసం కనీసం 75 మిల్లీమీటర్లు ఉండాలి. శతఘ్నికి మొదట 100 మిల్లీమీటర్ల హద్దు ఉండేది, 2003లో దాన్ని 75కు దించారు. ఆ మార్పు తెలియకుండా 1990ల అంకెల పక్కన 2010ల అంకెలు పెట్టి ‘పెరిగాయి’ అని రాస్తే అది ఆయుధాలు పెరగడం కాకపోవచ్చు, తూనిక మారడం కావచ్చు. ఆ తప్పు నేను రెండో నెలలో చేశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

దేశాల మధ్య ఆయుధాల అమ్మకాలకు నియమాలు పెడుతూ 2014 డిసెంబరు 24న అమల్లోకి వచ్చిన ఆయుధ వాణిజ్య ఒప్పందం కింద వచ్చే నివేదికలు ఇంకో రకం చిక్కు. రిజిస్టరులా కాక ఇక్కడ నివేదిక ఇవ్వడం సభ్యదేశాలకు విధి. కానీ ఒప్పందంలోని 13వ అధికరణం అనుమతించిన లావాదేవీలు రాయవచ్చు లేదా వాస్తవంగా జరిగినవి రాయవచ్చు అని రెంటికీ దారి వదిలింది. ఒక దేశం లైసెన్సు ఇచ్చిన సంఖ్య రాస్తుంది, ఇంకో దేశం ఓడరేవులో దిగిన సంఖ్య రాస్తుంది, ఇద్దరూ నిజమే చెబుతారు. పైగా నివేదికను సభ్యదేశాలకే కనబడేలా పెట్టుకునే వీలు కూడా ఉంది. అలా ఉన్నప్పుడు మా పట్టికలో ఆ గడిలో ఏం రాయాలన్నది పెద్ద చర్చ. సున్నా రాయకూడదు, ఖాళీ వదలకూడదు, ‘నివేదిక ఇచ్చారు, బహిరంగం కాదు’ అని రాయాలి. ఏమీ కొనలేదు, అమ్మలేదు అని సంతకం పెట్టి పంపే శూన్య నివేదిక వేరు, అసలేమీ పంపకపోవడం వేరు అని నాకు నేర్పడానికి మార్గదర్శి అరగంట కేటాయించారు గానీ అంత అవసరం లేకపోయింది. తాతయ్య పుస్తకంలో వరద నెలల పేజీలన్నిటి మీదా ‘దింపు లేదు’ అని రాసి కింద తేదీ వేసి ఉంటుంది. ఖాళీ పేజీ కనబడితే మరచిపోయారని అర్థం.

స్టాక్‌హోమ్‌లో 1966లో ఏర్పడిన శాంతి పరిశోధన సంస్థ సిప్రి నడిపే ఆయుధ బదిలీల సమాచారనిధి ఈ పనిలో రోజూ తెరవాల్సిన మూడో పుస్తకం. 1950 నుంచి లెక్కలున్నాయి, ఉచితం, వెతకడం తేలిక. అయితే కొత్తవారు బోల్తా పడే చోటు కూడా అదే. అందులో కనబడే విలువలు డబ్బు కావు. ఒక కీలక ఆయుధాల సమూహానికి తెలిసిన తయారీ ఖర్చుల ఆధారంగా, సైనిక సామర్థ్యం ఎంత చేతులు మారిందో సూచించే కొలమానం అది. ఇంకొక సైన్యం వాడి ఇచ్చిన పాత ఆయుధానికి కొత్తదాని విలువలో 40 శాతమే కడతారు. కొన్న దేశం దానికి ఎంత డబ్బు పోసిందో ఈ అంకె చెప్పదు, చెప్పడానికి పుట్టలేదు. 2024 మార్చిలో, 2019–23 మధ్య ప్రపంచ ఆయుధ దిగుమతుల్లో 9.8 శాతంతో భారత్ మొదటి స్థానంలో ఉందని సిప్రి ప్రకటించినప్పుడు, మా ఊరి టీకొట్టు దగ్గర ‘అన్ని వేల కోట్లు తగలేస్తున్నారు’ అని ఒకాయన లెక్కగట్టి మరీ చెప్పాడు. ఆ శాతం వెనక రూపాయి లేదని చెప్పబోయాను. ‘రూపాయి లేకుండా ఆయుధం ఎవడిస్తాడమ్మా’ అన్నాడు. అదీ న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు రక్షణశాఖ బడ్జెట్ పత్రాల్లో వెతకాలి, ఈ పట్టికలో కాదు.

ఆ ఏడాదిలో నేను సంపూర్ణంగా సొంతంగా నడిపిన ఉదాహరణ బ్రహ్మోస్ క్షిపణి. భారత్ సాధారణంగా కొనేవారి వరసలో కనబడుతుంది, అమ్మే వరసలో చూపించాల్సిన సందర్భం కొత్తవారికి మంచి అభ్యాసం. ఫిలిప్పీన్స్ 2022 జనవరిలో సుమారు 37.5 కోట్ల డాలర్లకు తీరప్రాంత నౌకా విధ్వంసక క్షిపణి బ్యాటరీలు మూడింటికి ఒప్పందం చేసుకుంది. మొదటి విడత 2024 ఏప్రిల్‌లో అక్కడికి చేరింది. ఈ ఒక్క లావాదేవీకి ఎన్ని తేదీలు ఉన్నాయో చూడండి: ఒప్పందం, అనుమతి, పంపిన రోజు, అందిన రోజు. రిజిస్టరులో ఏడో పద్దు కింద క్షిపణిని ఒక్కొక్కటిగా లెక్కించాలా, ప్రయోగ వాహనాన్ని వేరుగా చూపాలా అన్నది మరో ప్రశ్న. ఒక బ్యాటరీ అంటే ఎన్ని వస్తువులో బహిరంగ సమాచారంతో రూఢిగా తేలనప్పుడు, తేలలేదని రాసి వదిలేయడం నేర్చుకోవాలి. కొత్తలో నాకు అది ఓటమిలా అనిపించేది. దీనికి తోడు ఆ క్షిపణి భారత్, రష్యాలు కలిసి అభివృద్ధి చేసినది కాబట్టి, దాని కింద వివరణ రాయడానికే రెండు పేరాలు పట్టింది.

మార్గదర్శి గురించి ఫిర్యాదు లేదు, ఆశ్చర్యమే ఉంది. వారానికొక గంట అన్నారు. ఒక్క వారం కూడా ఎగ్గొట్టలేదు. నా చిత్తుప్రతిలో ‘భారీగా’ అన్న ప్రతి చోటా ఎర్రగీత గీసి ‘ఎంత?’ అని, ‘తెలుస్తోంది’ అన్న ప్రతి చోటా ‘ఎవరికి?’ అని రాసి పంపేవారు. ప్రతి వాక్యానికీ ఆధారం ఏ తరగతిదో, అంటే ప్రభుత్వ నివేదికా, కంపెనీ ప్రకటనా, వార్తాపత్రికా, ఫొటోనా అన్నది పక్క గడిలో రాయాలి. పత్రికాభాష అలవాటైన నాకు మొదటి మూడు నెలలు ఇది ముళ్లకంచె మీద నడకే. తొమ్మిదో నెలకు వచ్చేసరికి పేపర్లో ఏ వార్త చదివినా పక్కన ఒక ఖాళీ గడి కనబడటం మొదలైంది. ఇది లాభమో నష్టమో ఇంట్లోవాళ్లు చెప్పాలి.

చిన్న ఆయుధాల భాగం నాకు మా ఇంటి బీరువాలోనే దొరికింది. తాతయ్య దగ్గర వాళ్ల నాన్నగారి నుంచి వచ్చిన సింగిల్ బారెల్ తుపాకీ ఒకటుంది, పంట కాపలా కోసమని తీసుకున్న లైసెన్సు. ఎన్నికల షెడ్యూలు రాగానే లైసెన్సు తుపాకులు స్టేషన్‌లో డిపాజిట్ చేయమని కబురొస్తుంది. 2024 మే 13 పోలింగ్‌కు ముందు కూడా అలాగే వచ్చింది. గోనెగుడ్డలో చుట్టిన తుపాకీతో తాతయ్య, తాళం వేసిన పెట్టెలో తూటాలతో నేను, ఆటోలో స్టేషన్‌కు వెళ్లాం. హెడ్ కానిస్టేబుల్ తుపాకీని వెలుతురుకు తిప్పి, గొట్టం మొదట్లో చెక్కి ఉన్న నంబరు చూసి రశీదు రాసిచ్చాడు. తాతయ్య కళ్లద్దాలు పెట్టుకుని రశీదు చదివి, ‘బాబూ, నాలుగో అంకె మూడు, మీరు ఎనిమిది వేశారు’ అన్నారు. ‘ఆయ్, అరిగిపోయిందండీ పెద్దాయన గారూ, నాకు ఎనిమిదిలాగే కనబడింది’ అంటూ అతను నవ్వుతూనే కొట్టేసి, మళ్లీ రాసి, పక్కన పొట్టి సంతకం పెట్టాడు.

ఆ సాయంత్రం సమావేశంలో ఈ సంగతి చెబితే మార్గదర్శి నా ప్రశ్నల జాబితా పక్కన పెట్టించి, గంటసేపూ దీని మీదే మాట్లాడారు. చిన్న ఆయుధాలు ఎక్కడివో ఆచూకీ పట్టడానికి 2005లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన అంతర్జాతీయ ఆచూకీ పత్రం మొత్తం ఆధారపడింది ఆ చెక్కిన నంబరు మీదే. తయారుచేసినప్పుడే గుర్తు వేయాలి, తయారీ రికార్డులు కనీసం 30 ఏళ్లు, తక్కిన రికార్డులు కనీసం 20 ఏళ్లు ఉంచాలి, ఒక దేశంలో పట్టుబడిన తుపాకీ నంబరు ఇంకో దేశం అడిగితే జవాబివ్వాలి. మూడు ఎనిమిదిగా మారిన మరుక్షణం ఆ గొలుసు తెగిపోతుంది. ఆ తుపాకీ కాగితం మీద ఇంకెవరిదో అవుతుంది, లేదా ఎవరిదీ కాకుండా పోతుంది. ప్రపంచంలోని వంద కోట్లకు పైగా తుపాకుల్లో దాదాపు 85 శాతం పౌరుల చేతుల్లోనే ఉన్నాయని జెనీవాలోని స్మాల్ ఆర్మ్స్ సర్వే 2017 నాటి స్థితికి అంచనా వేసింది. అరిగిన అంకెల సమస్య మా స్టేషన్‌కే పరిమితం కాదని దాన్నిబట్టి ఊహించవచ్చు. నా చివరి పరిశోధన పత్రం ఎన్నికల ముందు డిపాజిట్ పద్ధతి, రికార్డుల నాణ్యత మీదికి మళ్లడానికి ఆ రశీదే కారణం. తాతయ్య మాత్రం దీన్ని అల్లూరి దగ్గరికి తీసుకెళ్లారు: 1922 ఆగస్టులో చింతపల్లి స్టేషన్ మీద పడినప్పుడు తీసుకెళ్లిన ఆయుధాల జాబితా స్టేషన్ పుస్తకంలోనే రాసి సంతకం పెట్టి పోయాడని చెబుతారు కదా, పద్దు అంటే అలా ఉండాలి అన్నారు. ఆ వాక్యం పత్రంలో పెట్టబోతే మార్గదర్శి ‘ఆధారం ఏ తరగతి?’ అని అడిగారు. తీసేశాను.

పాఠ్యభాగంలో లోటు ఒకటుంది, అది చిన్నది కాదు. మొదటి రెండు నెలల శిక్షణ మొత్తం ఒప్పందాల్లో చేరిన దేశాల కళ్లతోనే సాగింది. ఆయుధ వాణిజ్య ఒప్పందం 2013 ఏప్రిల్ 2న 154 దేశాల ఓటుతో ఆమోదం పొందినప్పుడు 23 దేశాలు తటస్థంగా ఉండగా, వాటిలో భారత్ ఒకటి. ఎగుమతి చేసే దేశాలు దిగుమతి చేసుకునే దేశాల మీద ఏకపక్షంగా ఒత్తిడి తెచ్చే సాధనంగా ఇది మారకూడదని, ఉగ్రవాదులు, ప్రభుత్వేతర శక్తుల విషయంలో ఒప్పందంలోని మాటలు బలహీనంగా ఉన్నాయని అప్పుడే భారత్ వాదించింది. ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, వాదమైతే వినాలి. శిక్షణ సామగ్రిలో దానికి అరపేజీ దక్కింది. మందుపాతరల నిషేధ ఒప్పందంలో, క్లస్టర్ బాంబుల ఒప్పందంలో భారత్ లేదని రాశారు గానీ, కొన్ని రకాల సంప్రదాయ ఆయుధాల వాడకంపై ఆంక్షలు పెట్టే 1980 నాటి ఒప్పందంలోని ఐదు ప్రోటోకాళ్లలోనూ (అనుబంధ ఒప్పందాల్లోనూ) భారత్ ఉందన్న సంగతి నేను అడిగితే తప్ప చర్చకు రాలేదు. 1959 ఆయుధాల చట్టం, సైనిక అవసరాలకు పనికొచ్చే వస్తువుల ఎగుమతులకు వర్తించే మన ప్రభుత్వ స్కోమెట్ జాబితా, అలాంటి ఎగుమతుల నియంత్రణలో దేశాలు సమన్వయం చేసుకునే వాసెనార్ ఏర్పాటులో 2017 డిసెంబరులో భారత్ చేరిక, ఇవన్నీ సొంతంగా చదువుకున్నాను. మన దేశం నుంచి దరఖాస్తు పెట్టేవారు ఈ భాగం ముందే చదువుకుని వెళ్లడం మంచిది, అక్కడ ఎవరూ చెప్పరు.

ఒక మాట వారి పక్షాన కూడా చెప్పాలి. 2023 నవంబరు 7న యూరప్ సంప్రదాయ సాయుధ బలగాల ఒప్పందం నుంచి రష్యా అధికారికంగా తప్పుకుంది, అదే రోజు నాటో దేశాలు దాని అమలును నిలిపేస్తామన్నాయి. 1990లో పారిస్‌లో సంతకాలైన ఆ ఒప్పందం నాటో, వార్సా కూటముల్లో ఒక్కో పక్షానికి 20,000 ట్యాంకులు, 20,000 శతఘ్నులు, 6,800 యుద్ధవిమానాలు అంటూ హద్దులు కట్టింది. ఆ వారం సమావేశంలో సీనియర్లు పాఠం ఆపి, ఆ ఒప్పందం కింద తనిఖీలకు వెళ్లినప్పుడు ట్యాంకులు ఎలా లెక్కించేవారో, షెడ్డు తలుపు వెడల్పు కొలిచి లోపల ఏం పట్టవచ్చో ఎలా అంచనా కట్టేవారో చెప్పారు. పుస్తకంలో దొరకని గంట అది. నేను కట్టని ఫీజు మొత్తం ఆ ఒక్క గంటకే చెల్లిపోయిందని అప్పుడు అనిపించింది.

ఇక ఏర్పాట్లు. మొదటి నెల భృతి నా ఖాతాలో పడకుండా పదకొండు రోజులు బ్యాంకులో ఆగిపోయింది. విదేశం నుంచి వచ్చే డబ్బుకు కారణం రాయాల్సిన చోట సంస్థవారు ‘ఆయుధాలు’ అన్న మాటతో మొదలుపెట్టి రాశారు. బ్రాంచికి పిలిపించిన అధికారి కంప్యూటర్ తెర నా వైపు తిప్పి, ‘ఆయుధాల డబ్బు అంటోందండీ మేడమ్, మీరు చూస్తే అలా లేరు’ అన్నారు. నియామకపత్రం, సంస్థ వెబ్‌సైటు ప్రింటు, నా ఎంఏ పట్టా ఇచ్చి, నిరాయుధీకరణ అంటే ఏమిటో కౌంటర్ దగ్గర నిలబడి వివరించాక విడుదల చేశారు. రెండో నెల నుంచి ‘పరిశోధన భృతి’ అని మాత్రమే రాయమని సంస్థకు చెప్పాను, అంతటితో తీరింది. కానీ ఇంతకుముందు ఇద్దరు ఫెలోలకు ఇదే జరిగిందని తెలిసీ వారు ఆ మాట మార్చలేదు. సమావేశాల వేళలు కూడా అక్కడి మధ్యాహ్నాలకే. వేసవిలో మూడున్నర గంటలు, చలికాలంలో నాలుగున్నర గంటలు తేడా కాబట్టి, వారికి సాయంత్రం నాలుగైతే నాకు రాత్రి ఏడున్నర లేదా ఎనిమిదిన్నర. మా ఊళ్లో కరెంటు పోయేది కూడా సరిగ్గా ఆ వేళకే. ఇన్వర్టర్‌కు నా సొంత డబ్బు పెట్టాను.

అన్నిటికంటే బాధ కలిగించింది సదస్సు. ఆయుధ వాణిజ్య ఒప్పంద సభ్యదేశాల పదో సదస్సు 2024 ఆగస్టు 19 నుంచి 23 వరకు జెనీవాలో జరిగింది; ప్రకటనలో చెప్పిన ప్రయాణం అదే. తేదీలు ఎప్పుడో ఖరారయ్యాయి. వీసాకు కావాల్సిన ఆహ్వానలేఖ మాత్రం నాకు జులై ఆఖరి వారంలో వచ్చింది. అది గోదావరికి వరదొచ్చిన వారం, మా లంక వైపు కాజ్‌వే మునిగి ఉంది. నాటుపడవలో ఏటిగట్టు దాకా వచ్చి, అక్కడి నుంచి అమలాపురం, రాత్రి బస్సులో హైదరాబాదు వెళ్లి దరఖాస్తు ఇచ్చాను. పాస్‌పోర్టు తిరిగొచ్చింది ఆగస్టు 22న, వీసాతో సహా. సదస్సు ఇంకా ఒక్కరోజు మిగిలి ఉంది. బ్రస్సెల్స్‌లో ఉండే తోటి ఫెలో రైలెక్కి వెళ్లింది. తన ఆహ్వానలేఖ కూడా అదే రోజు వచ్చిందట, తనకు దాని అవసరమే లేకపోయింది. అందరికీ ఒకే రోజు లేఖ పంపడం సమానత్వమే అనుకుని ఉంటారు. వీసా కావాల్సినవారికి మూడు నెలల ముందు పంపాలని నా చివరి అభిప్రాయ పత్రంలో రాశాను, పరిశీలిస్తామన్నారు.

ఎవరికి సరిపోతుందంటే, అంకెల దగ్గర విసుగు పుట్టనివారికి, ఎక్సెల్‌లో రోజంతా కూర్చోగలవారికి, తమ అభిప్రాయం కంటే అడుగున గీత గీసిన ఆధారం ముఖ్యమని ఒప్పుకోగలవారికి. రాజనీతిశాస్త్రం, న్యాయశాస్త్రం, గణాంకశాస్త్రం ఏది చదివినా పర్వాలేదు. నా బ్యాచ్‌లో ఒకరు మెకానికల్ ఇంజనీరు, శతఘ్ని ఫొటో చూసి రకం చెప్పడంలో మా అందరికంటే నయం. శాంతి గురించి ప్రసంగాలు రాయాలన్న కోరికతో వస్తే రెండు నెలల్లో నిరాశపడతారు. ఏడాది అయ్యాక శాశ్వత ఉద్యోగం వస్తుందన్న ఆశ కూడా వద్దు, సంస్థవారు ఆ మాట ఇవ్వరు. నాకు తరవాత ఒక ప్రాజెక్టులో ఆరు నెలల పని దొరికింది, అది కూడా మార్గదర్శి ఉత్తరం వల్ల. అంతకుముందు రుచి చూడాలనుకుంటే ఐక్యరాజ్యసమితి నిరాయుధీకరణ కార్యాలయం ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టిన పాఠాలున్నాయి. అవి పూర్తిచేసి, ఇంకా ఆసక్తి మిగిలి ఉంటే దరఖాస్తు పెట్టండి.

పాలకొల్లు నుంచి ఒకమ్మాయి ఈసారి దరఖాస్తు పెడుతోంది. ఆహ్వానలేఖ ఏప్రిల్‌లోనే అడగమన్నాను, బ్యాంకు గడిలో ఏ మాట రాయించాలో చెప్పాను. పరీక్షకు ముందు ఒకరోజు మా తోటకు వచ్చి, దింపు దగ్గర తాతయ్య పక్కన నిలబడి కాయ లెక్కపెట్టి, సాయంత్రం వర్తకుడి పుస్తకంతో సరిచూసుకోమన్నాను. వచ్చే దింపుకు వస్తానంది.